దేశం లేని న్యాయకోవిదుడు

మధ్య ఆసియాలోని ఉజ్‌గంద్ పట్టణంలో, పదకొండవ శతాబ్దంలో, ఒక పండితుణ్ణి నూతివంటి గోతిలో బంధించారు. పాలకునికి రుచించని ధర్మనిర్ణయం చెప్పడమే ఆయన చేసిన నేరమని సంప్రదాయం చెబుతున్నది. శిష్యులు గోతి అంచున చేరి కూర్చునేవారు. ఆయన లోపలినుండి, చేతిలో పుస్తకమనేది లేకుండా, జ్ఞాపకమే ఆధారంగా న్యాయశాస్త్రాన్ని చెబుతూ పోయేవాడు. శిష్యులు వ్రాసుకునేవారు. ఆ పండితుని పేరు సరఖ్సీ. అలా వెలువడిన ‘మబ్‌సూత్’ అచ్చులో 30 సంపుటాలు. కొన్ని అధ్యాయాల చివర తాను చెరలో ఉండి చెబుతున్నానని ఆయనే పేర్కొన్నాడు.

ఆ చెరలోనే ఆయన మరొక గ్రంథానికి కూడ వ్యాఖ్యానం ఆరంభించి, విడుదలయిన పిదప పూర్తిచేశాడు. మూలగ్రంథం అంతకు మూడు వందల సంవత్సరాల నాటిది. దానిని వ్రాసినవాడు అబూ హనీఫా శిష్యుడూ, హారూన్ అల్ రషీద్ కాలంలో న్యాయాధిపతిగా పనిచేసినవాడూ అయిన మహమ్మద్ అల్ షైబానీ. ఆయన 805లో మరణించాడు. రాజ్యానికి రాజ్యానికి మధ్య యుద్ధంలోను, శాంతిలోను పాటింపవలసిన నియమాలే ఆ గ్రంథ విషయం. ఈ శాస్త్రశాఖను అరబ్బీలో ‘సియర్’ అంటారు. షైబానీ మూలం విడిగా దొరకలేదు. సరఖ్సీ వ్యాఖ్యానంలో ఇమిడి ఉన్నంత మేరకే అది మనకు మిగిలింది.

ఈ వ్యాఖ్యానం మొదటిసారిగా నాలుగు సంపుటాలలో, ఆధునిక పరిశోధకులకు అందుబాటుగా అచ్చయిన చోటు బాగ్దాదు కాదు, కైరో కాదు. 1916-17 ప్రాంతంలో అది మన హైదరాబాదులో అచ్చయింది.

అచ్చువేసిన సంస్థ ‘దాయిరతుల్ మఆరిఫ్’. విజ్ఞానమండలి అని చెప్పుకోవచ్చును. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1888లో, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, ఇమాదుల్ ముల్క్ బిరుదాంకితులైన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, జామియా నిజామియా విద్యాలయ స్థాపకులైన అన్వారుల్లా ఫారూఖీ కలసి దీనిని నెలకొల్పారు. వారి సంకల్పం మొదట చూపునకు చిన్నదే: అరబ్బీలో వ్రాతప్రతులుగానే ఉండి నశించిపోతున్న పాత గ్రంథాలను వెదకి, సరిచూసి, అచ్చువేయడం. అయితే ఆ సరిచూడటం ఎంత పనియో తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక ప్రతిలో చుక్క ఉంటుంది, మరొక ప్రతిలో ఉండదు. అరబ్బీ లిపిలో ఒక చుక్క తేడాతో అక్షరమే మారుతుంది, మనిషి పేరు మారుతుంది, ఒక్కొక్కప్పుడు శాసనార్థమే తారుమారవుతుంది. ఎక్కడెక్కడి గ్రంథాలయాల ప్రతులనో తెప్పించి, పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చి, పాఠభేదాలను పుట అడుగున చూపడం అక్కడి పండితుల నిత్యకృత్యం.

ఇలా వెలువడినవాటిలో మతగ్రంథాలకు దీటుగా శాస్త్రగ్రంథాలు కూడ ఉన్నవి. ప్రవక్త సూక్తులను అందించినవారి జీవితాలను నమోదుచేసిన ఇబ్న్ హజర్ గ్రంథం 12 సంపుటాలు. బైహఖీ హదీసు సంకలనం 10 సంపుటాలు. మరొక వైపు అల్ బీరూనీ ఖగోళశాస్త్ర మహాగ్రంథం ‘కానూన్ అల్ మసూదీ’, రాజీ వైద్యసర్వస్వం ‘అల్ హావీ’. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఛత్రం కింద, కేంద్రప్రభుత్వ సహాయంతో ఈ కృషి సాగింది. వెయ్యేండ్ల కిందట భారతదేశాన్ని గురించి అల్ బీరూనీ వ్రాసిన అరబ్బీ మూలం 1958లో ఇక్కడనుండే వెలువడటం ఎంతో ఉచితంగా ఉన్నది.

షైబానీ వ్యాఖ్యానం అచ్చయ్యేనాటికి హైదరాబాదులో మహమ్మద్ హమీదుల్లా అనే బాలునికి ఎనిమిది తొమ్మిదేండ్లు. 1908 ఫిబ్రవరిలో ఆయన జన్మించాడు. మద్రాసులో ఖాజీలుగా, గ్రంథకర్తలుగా ప్రసిద్ధికెక్కిన నవాయతు వంశం ఆయనది. దారుల్ ఉలూంలో, జామియా నిజామియాలో సంప్రదాయ విద్య పూర్తిచేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., న్యాయశాస్త్ర పట్టాలు పొందారు. ఆపైన జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అనే విషయం మీద పరిశోధనచేసి డాక్టరేటు సంపాదించారు. వెనువెంటనే పారిస్‌లో సోర్బాన్‌లో ప్రవక్త కాలపు దౌత్యనీతి మీద రెండవ డాక్టరేటు. అప్పటికాయన వయస్సు ముప్పదికి లోపే. తిరిగివచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించారు.

ఆ రోజుల్లో ఐరోపా పాఠ్యగ్రంథాలలో అంతర్జాతీయ న్యాయచరిత్ర గ్రీకులతో మొదలై, రోమనులను దాటి, ఒక్క అంగలో పదిహేడవ శతాబ్దపు డచ్చి పండితుడు గ్రోషియస్ దగ్గర వాలేది. నడుమ వెయ్యేండ్లు శూన్యమన్నట్లే ఉండేది. ఆ శూన్యాన్ని ప్రశ్నించినవాడు హమీదుల్లాయే మొదటివాడు కాడు. షైబానీని ముస్లిముల గ్రోషియస్ అని ఆస్ట్రియా పండితుడు హామర్ పుర్గ్‌స్టాల్ 1827లోనే అన్నాడు. కాని పోలిక చెప్పి ఊరుకోవడం వేరు, ఆధారాలను అధ్యాయాలుగా పేర్చి శాస్త్రంగా నిలబెట్టడం వేరు. హమీదుల్లా రెండవ పని చేశారు. 1941లో కైరోలో ప్రవక్త, తొలి నలుగురు ఖలీఫాల నాటి ఒప్పందాలు, లేఖలు, ఆజ్ఞాపత్రాలను ఒక్కచోట చేర్చి అరబ్బీలో ప్రకటించారు. ఇంచుమించు అదే కాలంలో హైదరాబాదు ఆంగ్ల త్రైమాసిక పత్రిక ‘ఇస్లామిక్ కల్చర్’లో, రాజ్యప్రవర్తనా నియమాలను గూర్చిన ఆయన ప్రసిద్ధ ఆంగ్ల గ్రంథం భాగాలుగా వెలువడింది. 1927లో ఆ పత్రికకు తొలి సంపాదకుడుగా ఉన్నవాడు ఆంగ్ల నవలాకారుడు మార్మడ్యూక్ పిక్తాల్. ఆయన చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు కూడ. ఖురానుకు ఆయన చేసిన ఆంగ్లానువాదం 1930లో వెలువడటానికి నిజాం ప్రభుత్వం ఇచ్చిన సెలవే తోడ్పడింది.

హమీదుల్లా గ్రంథంలో ఒక భాగం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పదగినది. అరబ్బీలో ‘అమాన్’ అనే మాట ఉన్నది. మన ‘అభయం’ దానికి సరిగా అతుకుతుంది. శత్రుదేశస్థుడు రక్షణ కోరితే ఇచ్చే హామీ అది. రాజు మాత్రమే దానిని ఇయ్యగలడని మనం అనుకుంటాము. పూర్వ న్యాయవేత్తల నిర్ణయం అది కాదు. ఒక సామాన్యుడు, ఒక స్త్రీ ఇచ్చిన అభయం సైతం రాజ్యమంతటినీ బంధిస్తుంది. దానిని భంగపరచే అధికారం సేనాపతికి లేదు. రాయబారుల దేహరక్షణ, బందీల పట్ల వ్యవహారం, ఆయుధం పట్టని స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదన్న నిషేధం, వ్యాపారుల రాకపోకలు, ఒప్పందం వీగిపోయే సందర్భాలు, ఇవన్నీ అందులో చర్చకు వస్తవి. పాత శాస్త్రం దేశాలను ఇస్లాం గృహమనీ, యుద్ధ గృహమనీ విభజించిన మాట కూడ వాస్తవమే. నేటి రాజ్యసమానత్వ భావనకు అది సులభంగా ఒదగదు. హమీదుల్లా ఈ విషయంలో కొంత మెతకగా వ్రాశారని అనిపిస్తుంది. 1966లో షైబానీని ఆంగ్లంలోనికి తెచ్చిన ఇరాకు పండితుడు మజీద్ ఖద్దూరీ ఆ కాఠిన్యాన్ని దాచక చూపారు. ఇద్దరినీ కలిపి చదివిన పాఠకునికే నిజమైన లాభం.

1948 వచ్చింది. నిజాం ప్రభుత్వం భారతదేశంపై భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదును వినిపించ వెళ్ళిన ప్రతినిధి బృందంలో అంతర్జాతీయ న్యాయం ఎరిగినవాడుగా హమీదుల్లా కూడ ఉన్నారు. సెప్టెంబరు 13న భారత సైన్యాలు సంస్థానంలో ప్రవేశించినవి. 16న పారిస్‌లో మండలి విషయాన్ని చర్చకు స్వీకరించింది. 17న నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు తంతి పంపాడు. వాదించవలసిన పక్షమే లేకుండా పోయింది.

ఆ సెప్టెంబరును గురించి తెలుగు పాఠకునికి వేరే స్మృతి ఉండటం సహజం. రజాకార్ల దౌర్జన్యాలు, జాగీర్దారీ వెట్టి, తెలంగాణ రైతాంగ పోరాటం అనుభవించిన లక్షలమందికి అది విముక్తి దినం. పిమ్మట జరిగిన హింసలో 27,000 నుండి 40,000 మంది వరకు ప్రాణాలు కోల్పోయి ఉంటారని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ సంఘం అంచనా కట్టింది. ఆ నివేదిక చాలాకాలం వెలుగు చూడలేదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి చెప్పి రెండవది విడిచినా చరిత్ర సగమే అవుతుంది.

హమీదుల్లా తిరిగి రాలేదు. మధ్యలో కొద్దికాలం పాకిస్తానుకు వెళ్ళి, అక్కడి రాజ్యాంగ రచనకు సలహాలిచ్చే సంఘంలో పనిచేశారు. అక్కడ కూడ నిలువలేదు. పారిస్‌లో రూ ద తుర్నోన్ వీధిలోని ఒక పాత భవనంలో అద్దె గదులలో ఉంటూ దాదాపు అర్ధశతాబ్దం గడిపారు. ఫ్రెంచి పౌరసత్వం తీసుకోలేదు, పాకిస్తానుది తీసుకోలేదు. శరణార్థి పత్రమే ఆయన గుర్తింపు. రాజ్యాల మధ్య అభయాన్ని గూర్చి ప్రామాణిక గ్రంథం వ్రాసిన మనిషి, ఏ రాజ్యానికీ చెందకుండా, ఇంకొక రాజ్యమిచ్చిన అభయం మీద బ్రతికాడు. దీనిని గురించి ఆయన ఎక్కడా పెద్దగా ఫిర్యాదు చేసినట్లు కనబడదు. పెండ్లి చేసుకోలేదు. వంట తానే చేసుకునేవారు. ఫోటో తీయించుకోవడమంటే ఇష్టముండేది కాదు. 1954 నుండి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ విజ్ఞాన పరిశోధనా సంస్థలో పరిశోధకుడు. ప్రతి సంవత్సరం కొంతకాలం ఇస్తాంబుల్ వెళ్ళి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, మిగిలిన సమయం అక్కడి వ్రాతప్రతుల మధ్య గడిపి వచ్చేవారు.

ఆ వ్రాతప్రతుల మోజే చరిత్రరంగంలో ఆయనకు శాశ్వత స్థానం తెచ్చింది. ప్రవక్త మాటలుగా చెప్పుకునే హదీసుల ప్రామాణ్యం మీద ఐరోపాలో పెద్ద వివాదం ఉన్నది. 1890 నాటికే హంగరీ పండితుడు గోల్డ్‌జీహర్ ఒక వాదం లేవదీశాడు. ఈ సూక్తులలో అధికభాగం తరువాతి తరాల రాజకీయ, మత వివాదాలలో పుట్టినవే అన్నాడు. 1950లో జోసెఫ్ షాక్ట్ ఈ సందేహాన్ని న్యాయశాస్త్రానికంతటికీ విస్తరింపజేశాడు. దీనికి ఎదురు నిలువాలంటే కావలసినది ఆవేశం కాదు, బుఖారీ వంటి తొమ్మిదవ శతాబ్దపు మహాసంకలనాలకు ముందటి వ్రాత ఆధారం. హమీదుల్లాకు అది డమాస్కసులోను, బెర్లిన్‌లోను దొరికింది. ప్రవక్త సహచరుడైన అబూ హురైరా తన శిష్యుడు హమ్మాం ఇబ్న్ మునబ్బిహ్‌కు చెప్పగా వ్రాసుకున్నదని చెప్పబడే చిన్న పుస్తకం అది. సుమారు 138 సూక్తులు. 1953లో ఆయన దానిని పరిష్కరించి ప్రకటించారు. ఆ సూక్తులు తరువాతి సంకలనాలలో ఇంచుమించు అదే రూపంలో ఉన్నవి. రెండు వందల సంవత్సరాలు నోటినుండి నోటికి పాకి మాట మారిపోయిందన్నవారికి ఇది గట్టి సమాధానమని ఆయన భావించారు.

గట్టి సమాధానమే, కాని తుది సమాధానం కాదు. దొరికిన ప్రతులు రెండూ తరువాతి శతాబ్దాలలో తీసిన నకళ్ళు. హమ్మాం స్వహస్తంతో వ్రాసినవి కావు. అయినప్పటికీ చర్చ అంతకు ముందు ఉన్నచోట నిలువలేదు. హమ్మాం శిష్యుడు మఅమర్, మఅమర్ శిష్యుడు అబ్దుర్ రజ్జాక్. ఈ అబ్దుర్ రజ్జాక్ సంకలనాన్ని ఉత్తరప్రదేశ్‌కు చెందిన పండితుడు హబీబుర్ రహమాన్ ఆజమీ పరిష్కరించగా 1970 దశకం ఆరంభంలో బేరూత్‌లో అచ్చయింది. దానిని ఆధారం చేసుకొనే జర్మన్ పరిశోధకుడు హరాల్డ్ మోట్‌స్కీ 1991లో షాక్ట్ నిర్ణయాలను అనేకచోట్ల సడలించాడు. హైదరాబాదులోనో, ఉత్తరప్రదేశ్‌లోని చిన్న పట్టణంలోనో ఒక మౌల్వీ పాఠభేదాలు సరిచూస్తే, దాని ఫలితంగా జర్మనీలో సిద్ధాంతం మారుతుంది. ఈ రంగంలో పనులు ఇట్లే జరుగుతవి.

హమీదుల్లా పేరు వినగానే చాలామందికి గుర్తుకు వచ్చేది మాత్రం మదీనా ఒడంబడిక. 622లో ప్రవక్త మదీనాకు వలసవెళ్ళిన పిమ్మట అక్కడి ముస్లిం తెగలు, యూదులు కలసి ఎట్లా మనుగడ సాగించాలో నిర్ణయించిన పత్రమిది. యూదులకు వారి మతం, ముస్లిములకు తమ మతం అని అంగీకరిస్తూనే, రక్షణ బాధ్యత ఉమ్మడిగా నిర్ణయించింది. జర్మన్ పండితుడు వెల్‌హాసెన్ 1889లోనే దీని ప్రాముఖ్యాన్ని గుర్తించాడు. హమీదుల్లా కొన్ని నిబంధనలను విడదీసి మొత్తం 52గా లెక్కించి, ప్రపంచంలో మొట్టమొదటి లిఖిత రాజ్యాంగం ఇదేనని ఉద్ఘాటించారు. ఆ బిరుదు పామర పండిత జనంలో బాగా వ్యాపించింది. రాజ్యాంగం అనే మాట ఇక్కడ కొంత పెద్దదేమో. ఇది ఒకే పత్రం కాదు, వేర్వేరు సమయాల ఎనిమిది పత్రాల కూర్పు అని బ్రిటిష్ పండితుడు సెర్జెంట్ వాదించాడు. 2004లో మైకేల్ లెకర్ దీనిమీద ఒక పూర్తి గ్రంథమే వ్రాశాడు. పేరు విషయంలో ఎన్ని తగవులున్నా, పత్రం మాత్రం ప్రాచీనమైనదే అన్న విషయంలో అనుమానవాదులు సైతం తలవూపుతారు.

విద్యాచరిత్రలో కూడ హైదరాబాదు వంతు ఉన్నది. 1918లో ఏర్పడిన ఉస్మానియా, ఒక భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పవచ్చునని నిరూపించడానికి పూనుకున్నది. వైద్యం, న్యాయం, గణితం, అన్నీ ఉర్దూలోనే. అందుకోసం అనువాద సంస్థ నొకదానిని 1917లోనే నెలకొల్పి, పారిభాషిక పదాలను వేలకొలది రూపొందించారు. ప్రజలలో అత్యధికుల మాతృభాష తెలుగై ఉండగా ఆ గౌరవం తెలుగుకు దక్కలేదన్న బాధ న్యాయమైనదే. ఈ విశ్వవిద్యాలయంలోనే మతశాస్త్ర శాఖాధ్యక్షుడుగా ఉన్న బీహారు పండితుడు మనాజిర్ అహసన్ గీలానీ, భారతదేశ ముస్లిముల విద్యావిధానం మీద ఉర్దూలో రెండు సంపుటాల గ్రంథం వ్రాశారు. పూర్వం విద్యార్థి ఎవరింటి భోజనంతో చదువుకునేవాడు, ఏ గ్రంథం ఎవరివద్ద చదివేవాడు వంటి చిన్న చిన్న వివరాలు అందులో కొల్లలు. మన వారాలు చేసుకొని చదివిన విద్యార్థుల కథలు తెలిసినవారికి అది పరాయిగా తోచదు. మతవిద్య ఒక బడిలో, లోకవిద్య మరొక బడిలో అనే చీలిక ఇటీవలిదనీ, అది సమాజాన్ని రెండుగా చీల్చిందనీ గీలానీ వాదన. మదరసాలను గురించి నేడు జరిగే ప్రతి చర్చ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తున్నది. 1981లో అమెరికాలో జార్జ్ మక్‌దిసీ అనే పండితుడు, వక్ఫు ఆస్తితో నడిచే మధ్యయుగపు మదరసాకు ఐరోపా కళాశాలలకు పోలికలున్నవని ఒక గ్రంథం వ్రాసి పెద్ద చర్చ రేపాడు. పోలికలు కాదనలేనివి. ఒకదాని నుండి రెండవది పుట్టిందని చెప్పడానికి మాత్రం ఆధారం చాలదని అనేకులు భావిస్తున్నారు.

ఇక నేటి న్యాయచర్చ. పదవ శతాబ్దం నాటికి స్వతంత్ర విచారణకు ద్వారం మూతబడిందన్న మాట పాఠ్యపుస్తకాలలో చిరకాలం సాగింది. 1984లో వాయిల్ హల్లాక్ అనే పరిశోధకుడు ఆ ద్వారం నిజంగా మూతబడిందా అని ప్రశ్నించి, లేదని చూపాడు. మన దేశంలో దానికి సజీవమైన ఉదాహరణ ఉన్నది. ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ 1980 దశకం చివర స్థాపించిన ఇస్లామీయ న్యాయశాస్త్ర పరిషత్తు పండితులను సమావేశపరచి, అవయవ మార్పిడి, బీమా, బ్యాంకు వ్యవహారాల వంటి పాత గ్రంథాలకు తెలియని ప్రశ్నలను చర్చింపజేస్తున్నది. ఆ కృషిలో ముఖ్యులైన ఖాలిద్ సైఫుల్లా రహమానీ హైదరాబాదువాసి. మదరసా చదువు ముగించినవారికి పరిశోధన నేర్పే సంస్థను ఆయన 2000లో ఈ నగరంలోనే స్థాపించారు. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోను ఇస్లామీయ అధ్యయన శాఖ ఉన్నది.

హమీదుల్లా 1959లో ఖురానును ఫ్రెంచిలోనికి అనువదించారు. ఫ్రాన్సులోని ముస్లిములలో ఆ అనువాదానికి ఎంతో వ్యాప్తి కలిగింది. ఏయే భాషలలో ఖురాను అనువాదమైనదో 1940 దశకంలోనే ఒక పట్టిక తయారుచేసి హైదరాబాదులో అచ్చువేయించారు. అప్పటికే చిలుకూరి నారాయణరావు ఖురానును తెనిగించి ఉన్నారు. 1980లో పాకిస్తానులోని బహావల్‌పూరు విశ్వవిద్యాలయం ఆహ్వానిస్తే వెళ్ళి, ఖురాను చరిత్ర మొదలు అంతర్జాతీయ న్యాయం, విద్యావిధానం వరకు ఉర్దూలో పన్నెండు ఉపన్యాసాలిచ్చారు. ప్రతి ఉపన్యాసం తరువాత శ్రోతల ప్రశ్నలకు సమాధానాలు చెప్పేవారు. ఆ ప్రశ్నోత్తరాలతో సహా ముద్రితమైన గ్రంథమే ఆయన రచనలన్నింటిలోను జనసామాన్యం ఎక్కువగా చదివినది. 1985లో పాకిస్తాను ప్రభుత్వం గొప్ప పౌరపురస్కారం ఇస్తే, దానితో వచ్చిన ధనమంతా ఇస్లామాబాదులోని పరిశోధనా సంస్థకు ఇచ్చివేశారు.

ఆరోగ్యం క్షీణించిన పిదప 1996లో ఆయన బంధువులు తమతో అమెరికాకు తీసుకువెళ్ళారు. 2002 డిసెంబరు 17న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, తొంబదినాలుగేండ్ల వయస్సులో మరణించారు.